ప్రయోగానికి 47 రోజులు: 5.2 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రాకెట్ ఇంట్లో పూర్తవుతుందా?

నింగిదారి
ప్రయోగానికి 47 రోజులు

అందరికీ నమస్కారం. ఏడాదిగా కాగితం మీద గీస్తూ, చెరుపుతూ వచ్చిన పెద్ద రాకెట్ పనిని మొన్న ఆదివారం మొదలుపెట్టాను. పొడవు 5.2 మీటర్లు, వ్యాసం 40 సెంటీమీటర్లు. కాంక్రీటు స్తంభాలకు అచ్చుగా వాడే మందపాటి కాగితపు గొట్టం తీసుకుని దాని మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ చుడుతున్నాను. రెక్కలు నాలుగు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. నోస్‌కోన్‌కు, అంటే రాకెట్ ముక్కుకు, థర్మోకోల్ దిమ్మెను చెక్కి పైన గుడ్డ వేయాలని ఆలోచన.

మోటార్ సొంతంగా చేసింది కాదు, ధ్రువీకరణ పొందిన కంపెనీ మోటారే. 98 మిల్లీమీటర్ల వ్యాసం, ఎం తరగతి. మొత్తం ప్రచోదనం (తోపుడు బలాన్ని మండే సమయంతో గుణిస్తే వచ్చేది) సుమారు 8,000 న్యూటన్ సెకన్లు, సగటు తోపుడు బలం 2,000 న్యూటన్లు, నాలుగు సెకన్లు మండుతుంది. ఓపెన్‌రాకెట్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ లెక్క ప్రకారం బయలుదేరేటప్పుడు బరువు 38 కిలోలు, చేరే ఎత్తు 850 మీటర్లకు కాస్త అటూ ఇటూ.

మూడో స్థాయి అర్హత నిరుడు 15 సెంటీమీటర్ల రాకెట్‌తో తెచ్చుకున్నాను. ఇంత లావు రాకెట్ మాత్రం ఇదే మొదటిసారి. ఇప్పటికి గొట్టాలు కోయడం, మోటార్ గొట్టాన్ని మధ్యలో నిలిపే సెంటరింగ్ రింగులు కోయడం అయ్యాయి. మిగతాదంతా ముందుంది. 47 రోజుల్లో అవుతుందా? ఎక్కడ సమయం మింగుతుందో ముందే చెప్పగలరా?

పాతరెక్క
ప్రయోగానికి 47 రోజులు

అవుతుంది. కానీ ఈ రోజు నుంచి ముందుకు లెక్కపెట్టకండి, ప్రయోగం రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆఖరి ఏడు రోజుల్లో జిగురు డబ్బా మూత తీయకూడదు. దానికి ముందు వారంలోగా నేల పరీక్ష, అంటే లోపలి మందు పేలితే ముక్కలు విడిపోయి పారాచూట్ బయటకు వస్తుందా అని నేల మీదే చూసుకోవడం, జరిగిపోవాలి, అది ఒక్కసారిలో నెగ్గదని ముందే అనుకోవాలి. ఇవి రెండూ తీసేస్తే మీ చేతిలో నిజంగా ఉన్నవి 33 రోజులు.

ఇంకొక మాట. తయారైన ప్రతి ముక్కనూ తూచి గోడ మీద రాయండి. రెక్క అతికించక ముందు ఒకసారి, అతికించిన తరువాత ఒకసారి. పెద్ద రాకెట్లు బరువు పెరగడం ఎవరి కంటికీ కనిపించదు. రోజుకు రెండు వందల గ్రాములు చొప్పున చేరుతుంది, చివరికి కాటా మీద పెట్టిన రోజున బయటపడుతుంది.

నిశితం
ప్రయోగానికి 46 రోజులు

నేను ఒప్పుకోను. నింగిదారి గారు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కడుతున్నారు. గడువు దగ్గరపడేకొద్దీ మనిషి చేతులు వేగంగా కదులుతాయి, కళ్ళు మాత్రం చూడటం మానేస్తాయి. తొందరలో కట్టిన ఒక రాకెట్ పారాచూట్ తెరుచుకోకుండా నేలలోకి దిగబడటం నేను దగ్గర నుంచి చూశాను. అందులో స్విచ్ తీగ ఒకటి టంకం సరిగా పట్టక ఊడిపోయింది, అంతే. నలభై కిలోల వస్తువు అలా పడితే ఏమవుతుందో ఊహించండి. ఆరు నెలలు ఆగితే వచ్చే నష్టం ఏమిటి?

నింగిదారి
ప్రయోగానికి 46 రోజులు

నిశితం గారూ, మీ భయం న్యాయమైనదే. నా పరిస్థితి చెబుతాను. గగనతలానికి అనుమతి ఇచ్చేది రెండు రోజుల ప్రయోగాలకు మాత్రమే, తరువాతి అవకాశం ఆరు నెలల తరువాతే. అంతవరకూ ఆగడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ పని చేస్తున్న షెడ్డు రెండు నెలల్లో ఖాళీ చేయాలి. ఇంత పొడవైన వస్తువును సగం కట్టి పెట్టుకోవడానికి నాకు మరో చోటు లేదు. సగంలో ఆగితే ఇది మళ్ళీ మొదలవదని నాకు తెలుసు.

రోజూ సాయంత్రం మూడు గంటలు, సెలవు రోజుల్లో పూర్తిగా ఇస్తున్నాను. ఒక మాట ఇక్కడే రాసి పెడుతున్నాను: నేల పరీక్ష రెండుసార్లు వరుసగా నెగ్గకపోతే రాకెట్‌ను మైదానానికి తీసుకురాను. ఆ మాట తప్పితే మీరందరూ నన్ను నిలదీయవచ్చు.

జిగురుచేయి
ప్రయోగానికి 45 రోజులు

సమయం మింగేది ఎపాక్సీయే (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) కనుక దాని సంగతి చెబుతాను. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకాన్ని ఈ రాకెట్‌లో బరువు మోసే చోట ఎక్కడా వాడకండి. అది పెళుసు, వేడికి మెత్తబడుతుంది. నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ తీసుకోండి. గది ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే గట్టిపడే సమయం సుమారుగా రెట్టింపు అవుతుంది. కాబట్టి రాత్రి చల్లబడే షెడ్డులో «రేపటికి ఆరిపోతుంది» అనుకోవడం ప్రమాదం. పొద్దున్నే గోరుతో నొక్కి చూడండి, గుర్తు పడితే ఇంకా ఆగాలి.

కలిపేటప్పుడు లోతైన గిన్నెలో ఎక్కువ పోయకండి. కుప్పగా ఉన్న ఎపాక్సీ తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. వెడల్పు పళ్ళెంలో పలచగా పరిస్తే పని చేసుకోవడానికి చాలాసేపు వీలుంటుంది. పొరకూ పొరకూ మధ్య ఒక రోజు గడిస్తే పైన జిడ్డులాంటి పొర తేలుతుంది. దాన్ని ముందు నీళ్ళతో కడిగి, తరువాతే గరుకు కాగితంతో రుద్దాలి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డును లోపలికి పులిమినట్టే.

థర్మోకోల్ మీద పాలిస్టర్ రెజిన్ తగలనివ్వకండి, కరిగించేస్తుంది. ఎపాక్సీతో ఆ భయం లేదు.

రెక్కలు గొట్టం పైన అతికించి వదిలేయకుండా, గొట్టంలో చీలిక కోసి లోపలి మోటార్ గొట్టం దాకా దించండి. మోటార్ గొట్టం దగ్గర ఒక జిగురు గట్టు, బయటి గొట్టం లోపలి వైపు ఒకటి, బయట ఒకటి. లోపలి గట్టులే అసలు బలం. అవి ఎవరికీ కనిపించవు కనుక గడువు ముంచుకొచ్చినప్పుడు అందరూ ముందు వాటికే కోత పెడతారు.

గాజు గుడ్డను కోసేటప్పుడూ రుద్దేటప్పుడూ మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి ఏళ్ళ తరబడి తగిలి అలర్జీ వచ్చి, ఈ పని పూర్తిగా మానుకున్న మిత్రులు నాకున్నారు.

తొలిమెట్టు
ప్రయోగానికి 44 రోజులు

నేను కొత్తవాణ్ణి, సందేహాలు అడగవచ్చా? ఎం తరగతి అంటే ఎంత పెద్దది? ఇంత పెద్ద రాకెట్‌ను ఇంటి దగ్గర ఎవరైనా నిజంగా కట్టారా? మరి షెడ్డు తలుపులోంచి ఎలా బయటకు వస్తుంది?

పాతరెక్క
ప్రయోగానికి 44 రోజులు

తప్పకుండా అడగండి తమ్ముడూ. మోటార్ తరగతి అక్షరం ఒక్కొక్కటి ముందుకు జరిగేకొద్దీ మొత్తం ప్రచోదనం పై హద్దు రెట్టింపు అవుతుంది. ఎ తరగతి 2.5 న్యూటన్ సెకన్ల దగ్గర ఆగుతుంది. ఎం తరగతి 5,120 దగ్గర మొదలై 10,240 దాకా వెళుతుంది. అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, ట్రిపోలీ రాకెట్రీ అసోసియేషన్ పద్ధతి ప్రకారం హెచ్, ఐ మోటార్లకు మొదటి స్థాయి అర్హత, జె, కె, ఎల్‌లకు రెండోది, ఎం నుంచి మూడోది కావాలి. మూడో స్థాయికి అర్హత ప్రయోగం చేసేవారు తమ నమూనాను అనుభవజ్ఞులకు ముందే చూపించి ఒప్పించాలి.

ఇక కట్టారా అంటే, స్టీవ్ ఈవ్స్ అనే ఆయన, మనుషులను చంద్రుడి వద్దకు పంపిన శాటర్న్-5 రాకెట్‌ను పదో వంతు పరిమాణంలో కట్టారు. పొడవు 11 మీటర్లు, బరువు దాదాపు 750 కిలోలు, మోటార్లు తొమ్మిది. 2009 ఏప్రిల్ 25న అమెరికాలోని మేరీల్యాండ్‌లో అది 1,350 మీటర్ల ఎత్తుకు లేచి, పారాచూట్ల మీద దిగింది. ఆ తొమ్మిదీ దాదాపు ఒకే క్షణంలో అంటుకోవాలి. ఒక పక్కవి ఆలస్యమైతే రాకెట్ నిలువునా లేవదు. దాని పక్కన ఒకే మోటార్ ఉన్న నింగిదారి గారి రాకెట్ ఎంతో సరళమైనది.

తలుపు ప్రశ్న చాలా మంచిది, చాలామంది చివరి రోజున అడుగుతారు. రాకెట్ మూడు ముక్కలుగా ఉండాలి. ముక్కలను కలిపే కప్లర్ గొట్టం రెండు వైపులా కనీసం ఒక వ్యాసమంత లోపలికి దిగాలి. ఈ రాకెట్‌కు అటు 40, ఇటు 40. అంతకు తక్కువైతే గాలిలో మడతబడుతుంది.

నింగిదారి
ప్రయోగానికి 29 రోజులు

మీ సలహాలన్నీ పాటిస్తూ వచ్చాను. గొట్టాలకు గుడ్డ వేయడం ముగిసింది, రెక్కలు లోపలి గట్టులతో సహా నిలిచాయి, నోస్‌కోన్ గట్టిపడింది. నిన్న అన్నింటినీ కలిపి మోటార్ బరువుతో తూచాను. 43 కిలోలు!

గోడ మీద రాసుకున్న అంకెలు చూస్తే కారణం తెలిసింది. గుడ్డ రెండు పొరలు అనుకున్నది, గొట్టం చుట్టుకొలత చూసి భయపడి మూడు వేశాను. నాలుగున్నర చదరపు మీటర్ల మీద ఆ ఒక్క పొరా, దానితో తాగిన ఎపాక్సీ కలిపి రెండు కిలోలు దాటాయి. రెక్కల మీద గుడ్డ, గట్టుల్లో కలిపిన పొడి, పైపూత మిగతాది. ఇందులో ఎక్కువ భాగం తోక వైపే చేరింది.

ముక్కు కొస నుంచి కొలిస్తే పీడన కేంద్రం (గాలి పక్క నుంచి తోసే బలమంతా పనిచేసినట్టు లెక్కించే చోటు) 3.9 మీటర్ల దగ్గర ఉంది. గరిమనాభి (రాకెట్ బరువు సమంగా తూగే చోటు) 3.35 దగ్గర ఉండాల్సింది, ఇప్పుడు 3.6 దగ్గరికి జారింది. మధ్య దూరం 30 సెంటీమీటర్లే, అంటే వ్యాసంలో ముప్పావు. నాకు నిద్ర పట్టలేదు.

సున్నాలెక్క
ప్రయోగానికి 29 రోజులు

కంగారు వద్దు, అంకెలు మనకు దారి చూపిస్తాయి. పీడన కేంద్రం కంటే గరిమనాభి కనీసం ఒక వ్యాసమంత ముందు ఉండాలన్నది మన నియమం. నోస్‌కోన్‌లో, కొస నుంచి 70 సెంటీమీటర్ల దగ్గర, 3 కిలోల బరువు బిగించారనుకుందాం. 3 ని 2.9 తో గుణించి కొత్త బరువు 46 తో భాగిస్తే 0.19. గరిమనాభి 3.41 కి వస్తుంది. మధ్య దూరం 49 సెంటీమీటర్లు, వ్యాసానికి 1.2 రెట్లు. స్థిరత్వం వరకు సరిపోతుంది.

ఇప్పుడు దాని మూల్యం. 46 కిలోల బరువు అంటే 451 న్యూటన్లు. తోపు బరువుకు 4.4 రెట్లు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల్లో కనీసం మూడు రెట్లు చాలు, కానీ ఇంత లావు రాకెట్‌కు ఐదు ఉంటే నాకు ధైర్యం. అసలు చూడాల్సింది రెయిల్‌ను, అంటే మొదట రాకెట్‌ను నిటారుగా నడిపించే నిలువు పట్టాను, వదిలేటప్పటి వేగం. 38 కిలోలతో త్వరణం 42.8, మూడు మీటర్లు రెయిల్ పట్టి ఉంచితే వదిలేటప్పుడు సెకనుకు 16 మీటర్లు. 46 కిలోలతో త్వరణం 33.7 కు పడిపోయి, వేగం 14.2 మాత్రమే. సెకనుకు 15 మీటర్లు దాటని రాకెట్‌ను నేను ఎప్పుడూ పంపలేదు. ఎందుకంటే ఆ వేగంలో సెకనుకు 5 మీటర్ల పక్కగాలి తగిలితే రాకెట్‌కు అది 19 డిగ్రీల వంపులో వచ్చిన గాలిలా అనిపిస్తుంది. ముక్కు గాలి వైపు తిరుగుతుంది, నిలువుగా వెళ్ళాల్సిన రాకెట్ వాలుగా పోతుంది.

చేరే ఎత్తు కూడా 700 మీటర్ల దగ్గరికి తగ్గుతుంది, దాన్ని పట్టించుకోవద్దు.

నిశితం
ప్రయోగానికి 28 రోజులు

మోటార్ మార్చడం ఒక దారి కదా? ఇంకొంచెం ఎక్కువ తోపు ఉన్నది.

సున్నాలెక్క
ప్రయోగానికి 28 రోజులు

మార్చవచ్చు, కానీ బలమైన మోటార్ సాధారణంగా బరువైన మోటార్. ఆ బరువు మళ్ళీ తోకలోనే చేరుతుంది, మళ్ళీ ముక్కులో బరువు పెంచాలి. ఈ వలయంలో చిక్కుకోకుండా రెయిల్‌ను పొడిగించడం మేలు. నాలుగు మీటర్ల బదులు ఐదున్నర మీటర్ల రెయిల్ దొరికితే పట్టి ఉంచే దూరం నాలుగున్నర అవుతుంది. 46 కిలోలతోనే వదిలే వేగం 17.4. రాకెట్‌ను ముట్టుకోకుండా సమస్య తీరుతుంది. అయితే ఆ రెయిల్ ఊగకూడదు, కిందా మధ్యలోనూ ఆనుకునే కాళ్ళు ఉండాలి.

పాతరెక్క
ప్రయోగానికి 28 రోజులు

పొడవైన రెయిల్ నా దగ్గర ఉంది, నేను తెస్తాను. మధ్యలో మూడు తీగలతో లాగి కడదాం. మీరు ముక్కు బరువును బోల్టుతో బిగించండి, జిగురుతో మాత్రమే నిలబెట్టకండి. పారాచూట్ తెరుచుకునే కుదుపుకు అది ఊడి లోపల గుండులా తిరుగుతుంది.

గొడుగు
ప్రయోగానికి 26 రోజులు

అందరూ పైకి వెళ్ళడం గురించే మాట్లాడుతున్నారు, దిగడం సంగతి చూద్దాం. మీ దగ్గర ఏ పారాచూట్ ఉంది?

నింగిదారి
ప్రయోగానికి 26 రోజులు

4.2 మీటర్ల వ్యాసం, బల్లపరుపుగా పరిస్తే కొలిచినది. 38 కిలోలకని తీసుకున్నాను.

గొడుగు
ప్రయోగానికి 25 రోజులు

ఇంధనం మండిపోయాక దిగే బరువు 42 కిలోలు. బల్లపరుపు పారాచూట్‌కు గాలి నిరోధ గుణకం 0.8 కంటే ఎక్కువ నమ్మకండి. ఆ లెక్కన సెకనుకు 7.9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. మనం కోరుకునేది 6. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ దెబ్బ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది: 73 శాతం ఎక్కువ దెబ్బ. ముందు తగిలేవి రెక్కల మూలలే.

6 మీటర్లకు తేవాలంటే 5.5 మీటర్ల పారాచూట్ కావాలి. అది ఇప్పుడు దొరకకపోతే రాకెట్‌ను రెండుగా దించండి. నోస్‌కోన్, ముక్కు బరువు కలిపి తొమ్మిది కిలోలు ఉంటాయనుకుంటాను. దానికి విడిగా చిన్న పారాచూట్ ఇస్తే మిగతా 33 కిలోలు మీ పారాచూట్ మీద 7 మీటర్ల వేగంతో దిగుతాయి. మెత్తటి నేల అయితే రెక్కలు బతుకుతాయి.

విడిపోయిన ముక్కలనూ పారాచూట్‌నూ కలిపి ఉంచే తాడు సంగతి కూడా. కెవ్లార్ తాడు సాగదు, కుదుపు మొత్తాన్ని అడ్డుపలకకు (గొట్టం లోపల అడ్డంగా మూసే, తాడు కట్టే పలక) పంపుతుంది. పొడవు కనీసం రాకెట్ పొడవుకు మూడు రెట్లు ఉంచండి, మెలికలు మెలికలుగా మడిచి తేలికపాటి టేపు చుట్టండి. ఆ టేపులు ఒక్కొక్కటే తెగుతూ వేగాన్ని మింగుతాయి. అడ్డుపలకకు కంటి బోల్టు వద్దు, రెండు కాళ్ళ యు-బోల్టు వేసి వెనుక పట్టీతో బిగించండి.

సున్నాలెక్క
ప్రయోగానికి 24 రోజులు

ఒక విషయం నన్ను రెండు రోజులుగా వేధిస్తోంది, చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. 15 సెంటీమీటర్ల రాకెట్ అలవాట్లు 40 సెంటీమీటర్లకు పనికిరావు. అడ్డుకోత వైశాల్యం ఏడు రెట్లు. 40 సెంటీమీటర్ల వృత్తం అంటే 0.126 చదరపు మీటర్లు.

నేల మట్టం నుంచి 700 మీటర్లు లేస్తే బయటి గాలి పీడనం సుమారు 8 కిలోపాస్కల్స్ తగ్గుతుంది. గొట్టం లోపల నేల మట్టం నాటి గాలి బిగిసి ఉంటే అది నోస్‌కోన్‌ను లోపలి నుంచి దాదాపు 1,000 న్యూటన్ల బలంతో తోస్తుంది. మందు పేలేదాకా ముక్కును పట్టి ఉంచడానికి మీరు పెట్టబోయే నాలుగు నైలాన్ తెగే పిన్నులు కలిపి సుమారు 900 న్యూటన్లకే తెగుతాయి. అంటే ఏ మందూ పేలకుండానే, రాకెట్ ఇంకా పైకి పోతుండగానే ముక్కు ఊడిపోవచ్చు. చిన్న రాకెట్లలో ఇదే పీడనం 140 న్యూటన్లే కనుక ఎవరికీ అనుభవంలోకి రాదు. పారాచూట్ ఉండే ప్రతి గదికీ గాలి రంధ్రం పెట్టండి. గాలి పీడనాన్ని బట్టి ఎత్తు కొలిచి, సమయానికి మందును పేల్చే ఆల్టిమీటర్ల గది రంధ్రాలు వేరే. వీటిని కలపకండి.

రెండోది దీనికి తిరగబడ్డ సంగతి. చిన్న రాకెట్లకు వాడే తుపాకిమందు సూత్రం లోపల 100 కిలోపాస్కల్స్ పీడనం పుట్టేలా లెక్కిస్తుంది. మీ నోస్‌కోన్ మీద అది 12,600 న్యూటన్లు, టన్నుకు పైగా బరువు! అడ్డుపలకలు చీలిపోతాయి. ఇక్కడ 20 కిలోపాస్కల్స్ చాలు, 2,500 న్యూటన్లు వస్తుంది, పిన్నులు తెగడానికి రెండింతలకు పైగా. మందు కొలత మీరు ఒక్కరే నిర్ణయించకండి. పాతరెక్క గారు పక్కన ఉండగా నేల మీద తక్కువ నుంచి మొదలుపెట్టి తేల్చుకోండి.

నింగిదారి
ప్రయోగానికి 24 రోజులు

సున్నాలెక్క గారూ, పాత రాకెట్ పుస్తకంలోని సూత్రాన్నే ఎత్తి రాసుకుని ఉన్నాను. ఇప్పుడే ఆ కాగితం చించేశాను. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. రంధ్రాలు ఈ రాత్రే వేస్తాను.

నింగిదారి
ప్రయోగానికి 12 రోజులు

ఈ పొద్దున మొదటి నేల పరీక్ష చేశాం. పాతరెక్క గారు వచ్చారు. పిన్నులు నాలుగూ తెగాయి. నోస్‌కోన్ ఒక చేయి దూరం జరిగి ఆగిపోయింది. పారాచూట్ లోపలే ఉండిపోయింది. ఆకాశంలో అయితే ఇది రాకెట్‌కు చావే.

కప్లర్‌ను బయటకు లాగడానికి ఇద్దరం కష్టపడ్డాం. మూడు వారాల క్రితం వేలితో తోస్తే జారేది. గొట్టం బయట గుడ్డ వేశాను, కప్లర్ లోపలి ముఖం మాత్రం ఉత్త కాగితంగానే వదిలేశాను. ఈ మధ్య కురిసిన వానలకు తేమ పీల్చి ఉబ్బింది.

జిగురుచేయి
ప్రయోగానికి 12 రోజులు

మందు పెంచుదామని మాత్రం అనుకోకండి. బిగుతును బలంతో గెలవకూడదు. ఒక రోజంతా వెచ్చటి గాలి తగిలేలా ఆరబెట్టండి, తరువాత కప్లర్ బయటి ముఖాన్ని రుద్ది తగ్గించండి. లోపలి ముఖానికీ, కోసిన అంచులకూ పలుచని ఎపాక్సీ పూయండి. కాగితం తేమ తాగేది ముఖ్యంగా అంచుల నుంచే. నోస్‌కోన్ తన బరువుకు తాను జారకుండా ఉండాలి, చేత్తో లాగితే మాత్రం రావాలి. అంతే బిగుతు. రెండు రోజులు ఎపాక్సీని ముట్టుకోకండి.

నిశితం
ప్రయోగానికి 11 రోజులు

పైపూతలకు అనుకున్న రోజులు ఇవే కదా?

నింగిదారి
ప్రయోగానికి 11 రోజులు

అవును. నలుపు, తెలుపు గళ్ళు వేయాలని మొదటి రోజు నుంచీ కోరిక. గళ్ళ కొలతలు కూడా గీసి పెట్టుకున్నాను. వాటిని వదిలేశాను. బాధగానే ఉంది.

పాతరెక్క
ప్రయోగానికి 11 రోజులు

గళ్ళు అందం కోసమే కాదు, రాకెట్ తన చుట్టూ తాను తిరుగుతోందా అన్నది వీడియోలో తెలియడానికీ పనికొస్తాయి. ఒక రెక్క మీద, దాని పైన గొట్టం మీద నల్ల టేపు నిలువుగా అంటించండి. పని జరుగుతుంది, పది నిమిషాలు కూడా పట్టదు.

నింగిదారి
ప్రయోగానికి 8 రోజులు

రెండు పరీక్షలు, రెండూ నెగ్గాయి. రెండోసారి నోస్‌కోన్ ఎగిరి గడ్డిలో పడింది, వెనుకే పారాచూట్ సంచి పూర్తిగా బయటకు వచ్చింది. ఆల్టిమీటర్లు రెండు, బ్యాటరీలు రెండు, స్విచ్‌లు రెండు, మందు డబ్బాలు రెండేసి. రెండో ఆల్టిమీటర్ శిఖరం దగ్గర ఒక సెకను ఆలస్యంగా పేలుస్తుంది. రెండూ ఒకేసారి పేలితే గొట్టం మీద భారం రెట్టింపు అవుతుంది. శిఖరం దగ్గర రాకెట్ విడిపోవడం మాత్రమే, పెద్ద పారాచూట్ తెరుచుకునేది కిందికి దిగుతూ 250 మీటర్ల దగ్గర.

నిశితం
ప్రయోగానికి 8 రోజులు

తీగల టంకాలన్నీ లాగి చూశారా? టెర్మినల్‌లో బిగించిన ప్రతి తీగనూ, ఒక్కొక్కటిగా?

నింగిదారి
ప్రయోగానికి 7 రోజులు

చూశాను. రెండో ఆల్టిమీటర్ బ్యాటరీ క్లిప్పు తీగ ఒకటి చేతిలోకి వచ్చింది. మీరు అడగకపోతే అది నాకు తెలిసేది కాదు. మళ్ళీ టంకం వేసి, బ్యాటరీలను టేపుతో కాకుండా పట్టీతో బిగించాను. ఈ రాత్రితో జిగురు డబ్బా మూత పెట్టేశాను.

తొలిమెట్టు
ప్రయోగానికి 3 రోజులు

నేనూ చూడటానికి వస్తున్నాను. ఎంత దూరంలో నిలబడాలి?

పాతరెక్క
ప్రయోగానికి 3 రోజులు

నేషనల్ అసోసియేషన్ పట్టికలో ఒకే ఎం మోటార్‌కు 500 అడుగులు, అంటే 150 మీటర్లు. మనం ఇంకా వెనుక ఉందాం. కూర్చోవద్దు, నిలబడి పైకి చూస్తూ ఉండాలి. ఎవరైనా «తలలు పైకి» అని అరిస్తే ముందు రాకెట్ ఎక్కడుందో కంటితో పట్టుకోవాలి, తరువాతే కదలాలి. గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే ఎవరి రాకెట్ అయినా లేవదు.

నింగిదారి
ప్రయోగం మరుసటి రోజు

మొదటి రోజంతా గాలి. భద్రతాధికారి మధ్యాహ్నం వరకు చూసి వద్దన్నారు, నేను రాకెట్‌ను రెయిల్ మీదికే ఎక్కించలేదు. ఆ రాత్రి నిద్ర లేదు. రెండో రోజు తెల్లవారుజామున గాలి నిలిచిపోయింది. ఆరుగురం మోసి రెయిల్‌కు ఎక్కించాం. స్విచ్‌లు వేశాక రెండు ఆల్టిమీటర్లూ మూడేసి కూతలు పెట్టాయి. మోటార్‌లో ఇగ్నైటర్‌ను (కరెంటుతో నిప్పు అంటించేది) ఆ తరువాతే పెట్టాను.

చిన్న రాకెట్లు కంటికి అందకుండా పోతాయి. ఇది అలా కాదు. మంట కనిపించింది, ఒక క్షణం రాకెట్ నిలబడే ఉంది, తరువాత కదిలింది. కదలడం చూడగలిగాం. శబ్దం ఛాతీకి తగిలింది. రెయిల్ వదిలాక నల్ల టేపు దాదాపు ఒకే వైపు ఉండిపోయింది, పావు చుట్టు కూడా తిరగలేదు. ఆల్టిమీటర్లు చెప్పిన ఎత్తులు 668, 671 మీటర్లు. 250 దగ్గర పెద్ద పారాచూట్ తెరుచుకున్నప్పుడు నేను ఏడ్చాను, దాచుకోవడం నా వల్ల కాలేదు.

నష్టం: ఒక రెక్క మూల చిట్లింది. ముందు గొట్టం అంచు దగ్గర తాడు 4 సెంటీమీటర్ల మేర చీరేసింది.

గొడుగు
ప్రయోగం మరుసటి రోజు

చాలా సంతోషం! ఆ చీలిక చూస్తే, శిఖరం దగ్గర విడిపోవడం కాస్త ఆలస్యమైనట్టుంది. రాకెట్ అప్పటికే వంగి వేగం పుంజుకుని ఉంటుంది, తాడు అంచును కోసింది. రికార్డులో చూడండి, మొదటి ఆల్టిమీటర్ పేల్చిందా, రెండోదా?

నింగిదారి
ప్రయోగం తరువాత 2 రోజులు

చూశాను. రెండోదే విడదీసింది. మొదటిది సరైన సమయానికే కరెంటు పంపింది, కానీ ఆ డబ్బాలో మందు అంటుకోలేదు. విప్పి చూస్తే మందు మీద దూది వదులుగా కుక్కి ఉంది. ఇగ్నైటర్ తల మందుకు తగలకుండా పైకి జరిగింది. రెండో ఆల్టిమీటర్ లేకపోతే ఈ పోస్టు ఉండేది కాదు. చీలిక దగ్గర గుడ్డ కోసి లోపల, బయట రెండేసి పొరలు వేస్తాను, అంచు చుట్టూ ఒక లోహపు పట్టీ కూడా.

నిశితం
ప్రయోగం తరువాత 2 రోజులు

షెడ్డు ఖాళీ చేయాలన్నారు కదా. మా మేడ మీద గది ఆరు మీటర్ల పొడవు, ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, తేమ ఉండదు. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు. రెక్క కొస నుంచి రెక్క కొసకు ఎంతో కొలిచి చెప్పండి.

నింగిదారి
ప్రయోగం తరువాత 2 రోజులు

110 సెంటీమీటర్లు. కానీ నిశితం గారూ, పడుకోబెట్టి ఎనిమిదో వంతు చుట్టు తిప్పితే నాలుగు రెక్కలూ మూలలకు వస్తాయి, వెడల్పు 79 దాటదు. తలుపు ఎత్తు సరిపోతుంది. ఆదివారం తీసుకురానా?

నిశితం
ప్రయోగం తరువాత 2 రోజులు

తీసుకురండి. మెట్ల మలుపు కూడా కొలిచాను, పొడవైన ముక్క రెండు మీటర్ల లోపు ఉంటే తిరుగుతుంది.